కారు చక్రం దగ్గర గరగర: మనమే చూసుకోవాలా, షెడ్డుకు పోవాలా, కంపెనీకి ఇవ్వాలా?

రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కొందామని ఆగాం. కొట్టు ముందు బండి నిలపబోతూ అద్దం దించాను. అప్పుడు వినపడింది. ముందు ఎడమ చక్రం దగ్గర ఇనప రేకును గరుకు బండ మీద ఈడ్చినట్టు గర్ర్‌మని శబ్దం. బ్రేకు తొక్కితే ఉంది, వదిలితే లేదు. అప్పటిదాకా ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, పాటలు పెట్టుకుని వచ్చాం. ఎన్ని కిలోమీటర్ల నుంచి అలా అరుస్తోందో తెలియదు. ముందు ఘాట్ దిగాలి. వెనక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు.

చక్రం సందుల్లోంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. బయటి బ్రేక్ ప్యాడ్ మందంగానే కనపడింది. నెల కిందట సర్వీసుకు ఇచ్చినప్పుడు కూడా ‘ప్యాడ్లు ఇంకా ఉన్నాయి సార్’ అన్నారు. ఆ మాట నమ్ముకుని, రెండో గేరులో మెల్లగా ఘాట్ దిగి ఇల్లు చేరాం. మరుసటి రోజు మా వీధి చివర షెడ్డులో చక్రం విప్పారు. లోపలి ప్యాడ్‌కు లైనింగ్ (రాపిడికి అరిగే పైపొర) అన్నదే మిగల్లేదు. వెనకుండే ఇనప పట్టీ నేరుగా డిస్క్‌ను, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేన్ని, కోసేస్తోంది. డిస్క్ మీద వేలు పెడితే గ్రామఫోన్ రికార్డు మాదిరి గాట్లు తగిలాయి. ప్యాడ్లను డిస్క్‌కు అదిమే క్యాలిపర్ జారే పిన్ను ఒకటి దుమ్ముపట్టి బిగుసుకుపోయింది. దాంతో బయటి ప్యాడ్ సరిగా పనిచేయక, భారమంతా లోపలిదాని మీద పడి అరిగిపోయింది.

‘బయటిది చూసి మోసపోతారన్నా, లోపలిది చూడాల’ అన్నాడు మెకానిక్ భాయ్. ఆ రోజు నేను ఘాట్ దిగకుండా ఉండాల్సింది. ఇంట్లో వాళ్లను వేరే బండిలో పంపించి, కారును క్రేన్ మీద తెప్పించి ఉండాల్సింది.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరైనా ‘కారు గరగరమంటోంది, ఎక్కడికి తీసుకుపోవాలి?’ అని అడిగితే, ముందు ‘ఎప్పుడు అంటోంది?’ అని అడుగుతున్నాను. అరిచేది బ్రేకయితే ఒక చోటు మంచిది. బేరింగయితే ఇంకో చోటు. గేర్‌బాక్స్ అయితే మరో చోటు. అలవాటైన షెడ్డు ఉందనో, కంపెనీ అంటే నమ్మకమనో ముందే తేల్చేసుకుంటే డబ్బన్నా పోతుంది, ప్రమాదమన్నా మిగులుతుంది.

## చోటు ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు, బండి కదలొచ్చా లేదా. కదలకూడని బండికి కంపెనీ వర్క్‌షాప్ నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే, క్రేన్ ఖర్చు కలుపుకునే లెక్క వేయాలి.

తర్వాత వారంటీ. బ్రేక్ ప్యాడ్లు, లైనర్లు (డ్రమ్ము బ్రేకుల్లో ప్యాడ్ల పని చేసేవి), క్లచ్ ప్లేటు లాంటి అరిగిపోయే సామాన్లు మామూలుగా వారంటీలోకి రావు. బేరింగ్, గేర్‌బాక్స్ లోపలి భాగాలు, స్టీరింగ్ సామాన్లు చాలా కంపెనీల్లో వస్తాయి. కాబట్టి వారంటీ ఉన్న బండిలో బేరింగ్ శబ్దం వస్తే బయట విప్పించకండి. ప్యాడ్ల శబ్దానికి మాత్రం వారంటీ పేరు చెప్పి కంపెనీకే పోవాల్సిన పని లేదు.

మూడోది ఆ పనికి కావలసిన సామాను. ప్యాడ్లు మార్చడానికి జాకీ, పానాలు చాలు. బేరింగ్ దించడానికి, ఎక్కించడానికి హైడ్రాలిక్ ప్రెస్ ఉండాలి. డిస్క్ మందం కొలవడానికి మైక్రోమీటర్ ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగితే, తప్పెక్కడో చదివే స్కానర్ ఉండాలి. ‘చేసేస్తాం సార్’ అన్న మాటకంటే గోడకు ఏ సామాను తగిలించి ఉందో చూడటం మేలు.

నాలుగోది, విప్పిన పార్టును మన చేతికిస్తారా అన్నది. దీనికి నేను చాలా విలువిస్తాను. ఎందుకో కింద చెప్తాను.

ధరను ఐదోదిగా పెడుతున్నాను. అది ముఖ్యం కాదని కాదు. మొదటి నాలుగూ చూసుకుంటే అది చాలా వరకు తనంతట తనే తేలిపోతుంది.

## అరిచేది ఏదో పట్టుకోవడం

ఖాళీ రోడ్డు, దించిన అద్దాలు, పక్కన ఇంకో మనిషి. ఈ మూడూ ఉంటే సగం పని అయిపోయినట్టే. పొడవైన కాంపౌండ్ గోడ పక్కన మెల్లగా తోలితే శబ్దం గోడకు తగిలి వెనక్కి వస్తుంది. ఎడమ వైపా, కుడి వైపా అన్నది అప్పుడు బాగా తెలుస్తుంది.

మొదట బ్రేకు. మెల్లగా తొక్కి చూడండి, వదిలి చూడండి. తర్వాత, వెనక ఎవరూ రాని నేరు రోడ్డు మీద 40 వేగంలో గేరు తీసి న్యూట్రల్ చేయండి. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే బ్రేకు, స్టీరింగ్ రెండూ బరువెక్కుతాయి. న్యూట్రల్‌లో కూడా శబ్దం బండి వేగాన్ని బట్టే నడుస్తుంటే చక్రాల వైపు వెతకాలి. ఇంజన్ చప్పుడు తగ్గగానే అదీ తగ్గితే బానెట్ కింద వెతకాలి. చివరగా మెల్లని పెద్ద మలుపులు, కుడికీ ఎడమకూ.

| శబ్దం తీరు | మొదటి అనుమానం | బండి నడపొచ్చా | ఎక్కడ మేలు |
|---|---|---|---|
| బ్రేకు తొక్కితే గర్ర్‌మని ఇనుము రాసుకున్నట్టు | ప్యాడ్ లేదా లైనర్ పూర్తిగా అరిగింది | వద్దు | దగ్గర్లోని మంచి షెడ్డు, క్రేన్ మీద |
| నడుస్తుంటే సన్నగా కీచుమని | ప్యాడ్ అరిగిందని చెప్పే చిన్న రేకు తగులుతోంది | ఊళ్లో మెల్లగా, ఒకట్రెండు రోజుల్లో చూపించాలి | షెడ్డు, కంపెనీ, చేతనైతే ఇల్లు |
| మట్టిరోడ్డు దాటాక ఉన్నట్టుండి గీకుతున్నట్టు | డిస్క్‌కూ దాని వెనక రేకుకూ మధ్య రాయి | బ్రేకు బాగుంటే మెల్లగా కొంచెం దూరం | అక్కడే, లేదా మొదట కనపడిన మెకానిక్ |
| వేగంతో పాటు పెరిగే గూ... అనే హోరు | వీల్ బేరింగ్ | షెడ్డు వరకే. చక్రం ఊగితే అసలొద్దు | ప్రెస్ ఉన్న చోటు |
| స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటక | యాక్సిల్ జాయింట్ | కొద్ది రోజులు, మెల్లగా | ఊరి షెడ్డు |
| క్లచ్ తొక్కితేనే గరగర | క్లచ్ బేరింగ్ | కొద్ది దూరం | గేర్‌బాక్స్ దించే అనుభవం ఉన్న చోటు |
| న్యూట్రల్‌లో ఆగి ఉన్నప్పుడు గరగర, క్లచ్ తొక్కితే ఆగుతుంది | గేర్‌బాక్స్ లోపలి బేరింగ్ | కొద్ది దూరం, ఆయిల్ చూసుకుని | అదే చోటు, వారంటీ ఉంటే కంపెనీ |
| ఆగి ఉన్నా ఇంజన్ రేస్ చేస్తే గరగర | ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, బెల్టు పుల్లీ | వేడి మీటరు, బ్యాటరీ లైటు చూసుకుంటూ | ఊరి షెడ్డు |

పట్టికలో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి.

రాత్రి వాన పడ్డాకో, బండి కడిగి నిలిపాకో పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని, తర్వాత ఏమీ లేకపోతే అది డిస్క్ మీది పల్చని తుప్పు. దానికి ఎవరి దగ్గరికీ పోవక్కర్లేదు.

రాయి ఇరుక్కోవడం మన వైపు చాలా మామూలు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనుల రోడ్లు, తాడిపత్రి వైపు రాళ్ల లారీలు తిరిగే దారులు, అనంతపురం పల్లెల్లో వేరుశనగ చేల వైపు పోయే కంకర బాటలు. ఎక్కడైనా చిన్న కంకర ముక్క ఎగిరి డిస్క్‌కూ, వెనకుండే పల్చని రేకుకూ మధ్య దూరుతుంది. శబ్దం మాత్రం చక్రం ఊడిపోతుందేమో అన్నంత భయంకరంగా ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్లు టెన్షన్ పడిపోతారు. పక్కకు తీసి, వెనకా ముందూ చూసుకుని నాలుగడుగులు రివర్స్ చేస్తే కొన్నిసార్లు అదే రాలిపోతుంది. రాలకపోతే చక్రం విప్పి, రేకును వేలితో కొంచెం వంచి రాయిని తీసేయాలి. అయిదు నిమిషాల పని. దీనికి డిస్క్ మార్చాలని ఎవరన్నా చెప్తే, ముందు రాయిని తీసి చూపించమనండి.

బేరింగ్ శబ్దం మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి చెవి దానికి అలవాటు పడిపోతుంది. చాలా రోజుల తర్వాత బండెక్కిన చుట్టమే ముందు కనిపెడతాడు. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ వైపు బేరింగ్‌ను అనుమానించాలి. ఎడమకు తిరిగేటప్పుడు పెరిగితే కుడిది. జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడమంటే బేరింగ్ చివరి దశలో ఉన్నట్టు. పక్కలు పట్టుకుని ఊపితేనే కదిలితే స్టీరింగ్ కడ్డీల వైపు కూడా చూడాలి. ఇంకో మంచి పరీక్ష ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, రెండో చేయి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టండి. బాగున్న బేరింగ్‌కు స్ప్రింగ్ ఊరకే ఉంటుంది. పాడైనదానికి ఇసుక రాల్చినట్టు సన్నని జలదరింపు వేళ్లకు తగులుతుంది.

ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగ్ మాదిరే హోరు పెడుతుంది. దీనివల్ల బాగున్న బేరింగులు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. నున్నటి తారు మీదా, గరుకు సిమెంటు రోడ్డు మీదా హోరు వేరువేరుగా ఉంటే టైరును అనుమానించండి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూస్తే, శబ్దం కూడా చోటు మారితే తేలిపోయినట్టే. బేరింగ్ ఖర్చుకు ముందు ఈ పరీక్ష అడిగి చేయించుకోండి.

## ఇంట్లో మనమే

చూసుకోవడం వరకు అందరూ చేయొచ్చు, చేయాలి కూడా. రాయి తీయడం చేయొచ్చు. ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం పానా పట్టడం అలవాటున్నవాళ్లు నేర్చుకోగలిగిన పనే. చిన్న హ్యాచ్‌బ్యాక్ ముందు ప్యాడ్ల సెట్టు సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేల లోపు దొరుకుతుంది. కూలి మిగులుతుంది. అంతకంటే పెద్ద లాభం, లోపలి ప్యాడ్‌ను మన కళ్లతో మనం చూస్తాం.

ప్రమాదం జాకీ దగ్గర ఉంది. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలిపి బండి కిందికి దూరకూడదు, చక్రాల సందులో తల పెట్టకూడదు. కింద స్టాండ్ వేయాలి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి, విప్పిన చక్రాన్ని బండి అంచు కిందికి తోసి ఉంచాలి. నేల సిమెంటుదై ఉండాలి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి నేల మీద జాకీ వేస్తే పైకి లేవాల్సింది పోయి అదే లోపలికి దిగబడుతుంది. పల్లెలో తప్పనిసరైతే కింద మందపాటి చెక్క పరవండి. బండి తోలి ఆపగానే డిస్క్ ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది.

ప్యాడ్లు ఎప్పుడూ ఒకే ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి. క్యాలిపర్‌ను రబ్బరు పైపు మీద వేలాడనివ్వకుండా తాడుతో కట్టాలి. జారే పిన్నులు తీసి, తుడిచి, వాటికని దొరికే సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బర్లను ఉబ్బిస్తుంది. ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను క్యాలిపర్ లోపలికి తోసేటప్పుడు పైన డబ్బాలోంచి బ్రేక్ ఆయిల్ పొంగొచ్చు, అది పడితే పెయింటు ఊడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బండి కదిలించే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు అంటుకుపోతుంది, బండి ఆగదు.

బేరింగ్, గేర్‌బాక్స్, వెనక చక్రాలకు ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండ్ల వెనక ప్యాడ్లు మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దని నా సలహా.

## ఊళ్లో షెడ్డు

కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా మనలో చాలామందికి ఒక భాయ్ ఉంటాడు, లేదా తెలిసిన మేస్త్రి ఉంటాడు. నాన్న స్కూటర్ నుంచి మన కారు వరకు చేయి వేసిన మనిషి. వీళ్ల బలం చెవి. వందల బండ్లు విన్న చెవి అది. మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి వచ్చి, ఏ చక్రమో చెప్పేస్తారు. మన కళ్ల ముందే విప్పుతారు, అరిగినది చేతికిస్తారు. అదే రోజు బండి ఇంటికొస్తుంది. ప్యాడ్లు, లైనర్లు, యాక్సిల్ జాయింట్, ఆల్టర్నేటర్ బేరింగ్, ఇరుక్కున్న రాయి: ఈ పనులకు నేను షెడ్డుకే ఓటేస్తాను.

బలహీనత ఎక్కువగా బేరింగ్ దగ్గర బయటపడుతుంది. చాలా చిన్న కార్లలో బేరింగ్‌ను హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) దగ్గర ప్రెస్‌తో బిగించాలి. ప్రెస్ లేని చోట సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. ఆ దెబ్బలు లోపలి గుండ్ల మీద పడి, కొత్త బేరింగ్ కొద్ది రోజులకే మళ్లీ హోరుమంటుంది. ఏబీఎస్ ఉన్న బండ్లలో ఇంకో చిక్కు ఉంది. చాలా బేరింగులకు ఒక వైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది, సెన్సర్ చక్రం వేగాన్ని దాని నుంచే చదువుతుంది. బేరింగ్‌ను తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ మొత్తం విప్పాల్సిందే. కాబట్టి బేరింగ్ పని అయితే ‘ప్రెస్ ఉందా భాయ్?’ అని ముందే అడగండి. చాలా షెడ్లవాళ్లు హబ్‌ను విప్పి లేత్ షాపుకు పంపి అక్కడ ప్రెస్ చేయిస్తారు. అది మంచి పద్ధతే. ‘గ్రీజు పెడితే సరిపోతుంది’ అంటే మాత్రం ఒప్పుకోకండి. ఇప్పటి కార్లలో చాలావాటికి సీల్ చేసిన బేరింగులే, వాటిలో గ్రీజు నింపే దారి లేదు.

## కంపెనీ సర్వీస్ సెంటర్

వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్న బండికి బేరింగ్, గేర్‌బాక్స్, స్టీరింగ్ శబ్దాలైతే ఇంకో ఆలోచన వద్దు. బయట విప్పితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఏబీఎస్ లైటు, ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాటికి కూడా ఇదే చోటు. సామాను ఉంటుంది, అసలు పార్టు వేస్తారు, బిల్లు మీద గ్యారంటీ ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే బండి తోలే మనిషికీ పానా పట్టే మనిషికీ మధ్య ముగ్గురుంటారు. మనం ‘బ్రేకు తొక్కితే ఎడమ ముందు చక్రం దగ్గర గర్ర్‌మంటోంది’ అని చెప్తే, జాబ్ కార్డులో ‘బ్రేక్ నాయిస్’ అని రెండు ముక్కలు పడతాయి. శబ్దం మెకానిక్ చెవిదాకా చేరదు. అందుకని సర్వీస్ అడ్వైజర్‌ను బండిలో ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి వినిపించండి. వీలు కాకపోతే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. ‘నాలుగు చక్రాలూ విప్పి, లోపలి ప్యాడ్ మందం ఎంతుందో రాసివ్వండి’ అని కార్డులో రాయించండి. నా బండికి ఆ ఒక్క వాక్యం రాయించి ఉంటే గువ్వలచెరువు దాకా వచ్చేది కాదు.

కదిరి, రాయదుర్గం, ఆళ్లగడ్డ లాంటి చోట్ల ఉండేవాళ్లకు దూరం కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద వర్క్‌షాప్ కోసం జిల్లా కేంద్రానికి రావాలంటే ఒక రోజు పని పోతుంది. ప్యాడ్ల కోసం అంత అవసరం లేదు.

## హైవే మీద దొరికిన మెకానిక్

44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ దారిలో పంక్చర్ షాపులకు కొదవ లేదు. వాటిలో చాలావరకు లారీల పని తెలిసినవి. వీళ్లతో చేయించుకోదగినవి చిన్న పనులే: చక్రం విప్పి చూడటం, రాయి తీయడం. వదులైన చక్రం నట్లు కూడా ఇక్కడే బిగించుకోవచ్చు. ఈ మధ్యే టైరు మార్చిన బండి లొడలొడమంటే ముందు నట్లే చూడాలి. దొరికిన ప్యాడ్లు వేయించుకోవడం, బేరింగ్ విప్పించడం రోడ్డు పక్కన వద్దు.

బ్రేకు గర్ర్‌మంటుంటే రోడ్డు దిగి పక్కన నిలిపి, హజార్డ్ లైట్లు వేసి, త్రికోణం బోర్డు వెనక దూరంగా పెట్టి, మనుషులందరినీ రెయిలింగ్ అవతలికి పంపండి. జాతీయ రహదారి మీద ఎక్కడున్నా 1033కు ఫోన్ చేయొచ్చు. బండి కొన్నప్పుడో, ఇన్సూరెన్స్‌తోనో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వచ్చి ఉంటే ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి. క్రేన్ వస్తే బండిని మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ అడగండి. ఆటోమేటిక్ బండ్లకు, చక్రం ఊగుతున్న బండ్లకు అది తప్పనిసరి.

## ప్యాడ్లతో సరిపెట్టుకోవాలా, డిస్కులు కూడానా?

చోటు తేలాక షెడ్డులో నిలబడి తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. ‘డిస్కులు కూడా పోయినాయన్నా’ అంటారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

చాలా డిస్కుల మీద, అంచునో హబ్ దగ్గరో, వాటికి ఉండాల్సిన కనీస మందం మిల్లీమీటర్లలో అచ్చుపోసి ఉంటుంది. కొలిచి చూపించమనండి. కొలిచేటప్పుడు ఒక కిటుకుంది. డిస్క్ చివరి అంచుకు ప్యాడ్ తగలదు కాబట్టి అక్కడ అరగకుండా గట్టులా మిగులుతుంది. మామూలు వెర్నియర్ పెడితే అది ఆ గట్టునే కొలిచి, డిస్క్ బాగుందని చెప్తుంది. ప్యాడ్ రాసుకునే చోట మైక్రోమీటర్‌తో కొలవాలి.

మందం కనీసానికి బాగా పైన ఉండి, గాట్లు పైపైన ఉంటే లేత్ మీద సాపు చేయించి కొత్త ప్యాడ్లు వేసుకోవచ్చు. డబ్బు మిగిలే దారి అది. సాపు చేశాక మందం కనీసానికి దిగువకు పోయేటట్టుంటే డిస్కులు జంటగా మార్చాల్సిందే. పల్చబడిన డిస్క్ త్వరగా వేడెక్కుతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టు సడలుతుంది. గువ్వలచెరువు, శ్రీశైలం దారుల్లో తిరిగేవాళ్లు ఇక్కడ పొదుపు చేయొద్దు. గాట్లు పడ్డ డిస్క్ మీద కొత్త ప్యాడ్లు అలాగే వేసేయడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. గరగర కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, కొత్త ప్యాడ్లు కూడా గాట్లకు తగ్గట్టు అరిగి మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త ప్యాడ్ లైనింగ్ సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చుకోవడం మంచిది. ఆ సమయంలో మారిస్తే ప్యాడ్ల ఖర్చుతో పోతుంది. ఇనుము ఇనుము రాసుకునేదాకా ఆగితే డిస్కులు కూడా కలుస్తాయి. నాకు బిల్లు మూడింతలైంది.

పార్టు కంపెనీదా, బయటిదా అన్నదానికి నా లెక్క ఇది. ప్యాడ్లు, డిస్కుల్లో పేరున్న బయటి కంపెనీలవి బాగానే పనిచేస్తాయి. పెట్టె, ధర ముద్ర, బిల్లు ఉండాలి. బేరింగ్ మాత్రం అసలుదే కొనండి. బేరింగ్ ధర కంటే దాన్ని ఎక్కించే కూలి బాధ ఎక్కువ, నకిలీది పడితే ఆ కూలి రెండుసార్లు కట్టాలి. పెట్టె లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చే ప్యాడ్లు ఎంత చౌకైనా వద్దు.

## ఎవరికి ఏది

బండి కొని మూడేళ్లు దాటనివాళ్లు: బ్రేకు శబ్దానికి ఎక్కడైనా ఫరవాలేదు, మిగతా అన్నిటికీ కంపెనీ.

ఏడెనిమిదేళ్ల బండి ఉన్నవాళ్లు: నమ్మకమైన షెడ్డు. బేరింగ్‌కు ప్రెస్ ఉన్న చోటు. ఏడాదికోసారి నాలుగు చక్రాలూ విప్పించి పిన్నులు శుభ్రం చేయించుకోండి. ఎర్రమట్టి, రాతి దుమ్ము ఉన్న మన రోడ్లలో అవి బిగుసుకుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో ట్యాక్సీ తోలేవాళ్లు: బండి ఆగితే ఆ రోజు కూడు ఆగుతుంది. అసలు ప్యాడ్ల సెట్టు ఒకటి డిక్కీలో పెట్టుకుని, కీచుమన్న రోజే సొంత ఊళ్లో మార్పించుకోవడం మీకు అన్నిటికంటే చౌక. గర్ర్‌మనేదాకా మాత్రం లాగొద్దు. వెనక కూర్చున్నవాళ్లు మిమ్మల్ని నమ్మి ఎక్కినవాళ్లు.

పల్లెలో ఉండేవాళ్లు: ఆటోలు, ట్రాక్టర్లు చూసే మెకానిక్‌తో రాయి తీయించుకోవచ్చు, ప్యాడ్లు చూపించుకోవచ్చు. ఏబీఎస్ ఉన్న కారు బేరింగ్‌ను మాత్రం టౌనుకే తీసుకుపోండి.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లు: బేరం మొదలుపెట్టేముందు పాటలు ఆపించి, అద్దాలు దింపించి, గోడ పక్కన ఒక చుట్టు తిప్పండి. హోరు వినపడితే ధర తగ్గించమనడానికి అది చాలు, బండి వదిలేయడానికి మాత్రం కారణం కానక్కర్లేదు. గేర్‌బాక్స్ గరగరమంటే వదిలేయండి.

ఇంట్లో పెద్దవాళ్లు, కొత్తగా నేర్చుకున్న పిల్లలు తోలే బండి అయితే: ఎంపిక వాళ్లకు వదలకండి. ‘బ్రేకు తొక్కినప్పుడు గర్ర్‌మంటే అక్కడే ఆపి ఫోన్ చెయ్యి’ అన్న ఒక్క మాట చెప్పి ఉంచండి. మా అమ్మకు కూడా చెప్పాను.

## బండి చేతికి తీసుకునేటప్పుడు

విప్పిన ప్యాడ్లు నాలుగూ అడిగి తీసుకోండి. నాలుగూ ఒకే మందంలో అరిగి ఉంటే పిన్నులు బాగున్నట్టు. ఒకటి పల్చగా, ఇంకోటి మందంగా ఉంటే పని సగమే అయింది. పిన్నులు, పిస్టన్ చూడకుండా బండి తీసుకోవద్దు. పార్టు చేతికివ్వాలని పట్టుబట్టేది అందుకే, ఆ ముక్కలే మొత్తం చెప్పేస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లు దాటి ఉంటే అదీ మార్పించండి. స్టీరింగ్ నకిల్ (హబ్‌ను పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) విప్పి బేరింగ్ మార్చి ఉంటే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

షెడ్డు గేటు దాటకముందే పెడల్ గట్టిగా ఉందో లేదో తొక్కి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది పది సార్లు బ్రేకు వేయండి, మధ్యలో కొంచెం చల్లారనివ్వండి. కొత్త ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి కుదురుకుంటాయి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఘాట్ రోడ్లు, సడన్ బ్రేకులు లేకుండా చూసుకోండి. యాభై కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ ఒకసారి పానాతో బిగించి చూసుకోండి.